చుక్క కొట్టిన కంచం

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేను మొదటిసారి ఆసాంతం చదివిన కాగితం నా రక్తపరీక్ష రిపోర్టు. ఏలూరులో కంటి శుక్లం ఆపరేషన్‌కి ముందు రక్తం తీశారు. హెపటైటిస్ బి అని ఉంది. ఆపరేషన్ వాయిదా పడింది.

ఎప్పుడో నాకు కామెర్లు వచ్చాయి. భీమడోలు దగ్గర ఒకాయన ఇచ్చిన పసరు తాగి, చప్పిడి పథ్యం చేశాను. కళ్లు తెల్లబడ్డాక చేపల పులుసుతో పథ్యం విడిచాను. జబ్బు పోయిందనే అనుకున్నాను. ఇది అప్పటిదో, అంతకు ముందుదో డాక్టరు గారే చెప్పలేకపోయారు. ఆర్నెల్లాగి మళ్లీ రక్తం తీస్తే, ఇంకా ఉంది.

"ఎన్నాళ్లు అంటుతుందండీ?" అని అడిగాను.

"రక్తంలో ఉన్నన్నాళ్లూ మామ్మగారూ, ఒంట్లో బాగున్నా సరే. మీకిది ఉండిపోయేలాగే ఉంది."

"మనవరాలిని ఎత్తుకోవచ్చా?"

"హాయిగా ఎత్తుకోండి. ఒకే కంచంలో తినండి. బ్లేడు, నెయిల్ కట్టర్ లాంటి రక్తం తగిలేవి మాత్రం వేరు. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించి, లేనివాళ్లకి టీకా వేయించండి."

మా అబ్బాయి పక్కనే ఉండి విన్నాడు. ఇంటికి రాగానే ఓ స్టీలు కంచానికి గుర్తుగా చుక్క కొట్టి నాకు వేరు పెట్టారు. టెస్టుకి రారా అంటే, "నాకేంటమ్మా, ఏనుగులా ఉన్నాను" అని కలిదిండిలో రొయ్యల చెరువు దగ్గరికి పోయాడు.

"నేనూ అలాగే ఉన్నాను కదరా ఇన్నేళ్లూ" అన్నాను, వాడు వెళ్లిపోయాక.

కోడలు మెల్లిగా అంది. "ఏమీ అనుకోకండి అత్తయ్యగారూ, పాపని కొన్నాళ్లు ఎత్తుకోకండి."

"ఎన్నాళ్లమ్మా?"

"డాక్టరు గారు ఎన్నాళ్లన్నారో అన్నాళ్లూనండీ."

పాప టీకా కార్డు తీసి చదివాను. ఈ జబ్బు టీకాలో చివరి సూది గడి ఖాళీ. "జ్వరం వస్తుందని ఆగామండీ, వేయిస్తాంలెండి" అంది.

మొన్న పొద్దున్న కోడలు గుమ్మంలో కూర్చుని పాప గోళ్లు తీస్తోంది. కిటికీ మేకుకి వేలాడే కట్టర్‌తోనే. ముందురోజు దానితోనే నేను కాలి గోరు తీసుకుంటూ చర్మం తెంపుకున్నాను. కంచం మీద కోపంలో డాక్టరు మాట నేనే మరిచాను.

"ఆపమ్మా!" అని లేచాను.

కోడలు పాపని హత్తుకుని వెనక్కి జరిగింది. "దగ్గరికి రాకండి అత్తయ్యగారూ!"

ఉన్నచోటే నిలబడి కట్టర్ సంగతి చెప్పాను. పాప ఏడుస్తోంది. వేలి మీద రక్తం ఉందేమోనని చూశాను. అంత దూరం నుంచి శుక్లం పట్టిన నా కంటికి ఆనలేదు.