చేతి తూకం

మొన్న ఉదయం పక్కింటి కోడలు ప్రహరీ గోడ మీదుగా ఫోను నా ముందు పెట్టి, అంగన్‌వాడీలో ఈ నెల వాళ్ళ పాపకు తీసిన బరువు, ఎత్తు, పక్కన ఆకుపచ్చ గుర్తు చూపించింది. బరువు గ్రాములతో సహా ఉంది. ఆకుపచ్చ అంటే బాగున్నట్టటండి అని ఆ అమ్మాయి సంబరపడితే, నేనూ బాగుందమ్మా అని లోపలికొచ్చాను. వచ్చినదాన్ని పని చూసుకోకుండా చాలాసేపు కుర్చీలోనే ఉండిపోయాను. ఇలాంటప్పుడు కళ్ళ నీళ్ళు పెట్టుకుంటారని విన్నాను గానీ నాకు అలాంటిదేమీ ఉండదు. ఆ చోటు ఎప్పుడో మొద్దుబారిపోయింది.

తణుకు అవతల కాలవ వారనున్న మా ఊళ్ళో చిన్నపిల్లల బడి పెట్టిన రోజున నేనే మొదటి టీచర్ని. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో దాన్ని బడి అని ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు, ఉప్మా పెడతాం గనక ఉప్మా బడి అనేవాళ్ళు. సొంత భవనం లేక, బియ్యం మిల్లు వాళ్ళు తమ గిడ్డంగి పక్కనున్న గది ఇస్తే అందులోనే సర్దుకున్నాం. మిల్లు ఆడుతున్నంతసేపూ పాట పాడితే నా గొంతు నాకే వినపడేది కాదు గానీ, ఆ మిల్లు వల్ల ఒక ఉపకారం ఉండేది. సన్న తవుడు జల్లించి తెచ్చి గచ్చు మీద పరిచి, అందులో వేలితో అక్షరాలు దిద్దించేదాన్ని. తప్పు రాస్తే అరచేత్తో చదును చేస్తే సరి, పలక పగులుతుందన్న బెంగ లేదు, ఎవరైనా పిడికెడు నోట్లో పోసుకున్నా ప్రమాదం లేదు. కాకపోతే మిల్లు కోళ్ళు తలుపు సందులోంచి దూరి అక్షరాలు సగం సగం తినేసి పోయేవి, పిల్లలు వాటిని తరిమి మళ్ళీ మొదటి నుంచి దిద్దేవాళ్ళు. ఆ గదిలో చదువు బాగానే చెప్పాననే ఇప్పటికీ అనుకుంటాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

చిక్కంతా తూకం దగ్గర వచ్చేది. గుండ్రటి ముఖం, ముల్లు ఉన్న కాటా ఒకటి పైనుంచి పంపారు. దాన్ని దూలానికి కట్టి, కింద లాగులాంటి గుడ్డ సంచి తగిలించి, అందులో పిల్లను కూర్చోబెట్టి, ముల్లు ఎక్కడ ఆగితే అది ఆ పిల్ల ఎదుగుదల కార్డులో గీతగా పెట్టాలి. రైతుల ఇళ్ళు కానీండి, కూలికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళు కానీండి, తల్లులందరిదీ ఒకటే పట్టు. పిల్లను నలుగురి ముందు తూకానికి వేలాడదీస్తే దిష్టి తగులుతుందని, పెరిగే పిల్ల అక్కడితో ఆగిపోతుందని. ఒక నాయనమ్మగారైతే మా మనవడేమన్నా బెల్లం దిమ్మాండీ కొక్కేనికి తగిలించడానికి, అని వాణ్ణి సంచిలోంచి లాక్కుపోయింది.

బెల్లం మాట ఆవిడ ఊరికే అన్నా, నాకు పనికొచ్చింది మాత్రం అదే. మా పుట్టింట్లో చెరకు ఆడి బెల్లం వండేవాళ్ళు, దిమ్మ చేతిలోకి తీసుకుని బరువు చెప్పడం నాకు చిన్ననాడే పట్టుబడింది. దాంతో నెలకో రోజు గుమ్మంలో నిలబడి, వచ్చిన పిల్లను వచ్చినట్టే ముద్దు చేస్తున్నట్టు చంకనెత్తుకుని, దించి, కార్డులో గీత పెట్టేదాన్ని. తల్లులకు అభ్యంతరం లేదు, దిష్టీ లేదు. ఒకసారి తనిఖీకి వచ్చిన మేడమ్‌ గారు నమ్మక, తల్లులు ఒప్పుకున్న నలుగురు పిల్లల్ని కాటాకెక్కించి చూస్తే నా మాటకూ ముల్లుకూ పట్టుమని నూరు గ్రాముల తేడా లేదు. ఆవిడ ఆ సంగతి మీటింగులో అందరికీ చెప్పారు. అప్పట్నుంచి నాకు కొమ్ములొచ్చాయి, కాటాను బీరువా మీద పడేసి దాని మీద చీపుర్లు పెట్టుకున్నాను.

మాది ఉమ్మడి కాపురం. నేనూ మా తోడికోడలూ ఒకే పొయ్యి మీద వండేవాళ్ళం, నాకు ఇద్దరూ మగపిల్లలు, ఆమెకు ఒక ఆడపిల్ల. ఆ పిల్లకు మూడేళ్ళు నిండుతుండగా నా బడిలో చేర్చుకున్నాను. చేర్చుకోవడమేమిటి, రోజూ నా చంకనే కాలవ గట్టు వెంట బడికి వచ్చేది, నా చంకనే ఇంటికి వెళ్ళేది. ఇంట్లో ఎవరు పిలిచినా నా దగ్గరికే వచ్చేది. ఊళ్ళో పిల్లలందరి బరువూ నెలకోసారి ఎత్తుకుంటే తెలిసేటప్పుడు, రోజూ మోసే దీని బరువు తెలియదా అన్నది నా ధీమా.

ఆ ఏడు ఊడ్పులప్పటి నుంచి పిల్లకు సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాస్త వెచ్చబడేది, పొద్దున్నకి మామూలే. ఒకరోజు పొయ్యి దగ్గర మా తోడికోడలు, అక్కా, పాప తగ్గినట్టు లేదూ, గౌను భుజం మీంచి జారిపోతోంది, అంది. గౌన్లు రెండేళ్ళు రావాలని వదులుగా కుట్టించే ఇల్లు మాది, ఆ మాటే అని, పిల్ల పొడుగు సాగుతోంది, తగ్గితే నా చేతికి తెలీదా, అన్నాను. ఆమె నిజమే అక్కా అని పిండి కలుపుకోవడంలో పడిపోయింది. తరవాత ఇంకోసారి కూడా అడిగింది, ఈసారి కొంచెం విసుక్కున్నాను. మళ్ళీ అడగలేదు. కార్డులో నేను నెల నెలా పావు కిలో చొప్పున పైకి గీస్తూనే ఉన్నాను.

కోతలు మొదలయ్యాక మా ఆడపడుచు కాకినాడ నుంచి వచ్చింది. పిల్లను చూసి అయిదారు నెలలైంది. గుమ్మంలోనే ఎత్తుకుని, ఎత్తుకున్నంతసేపు పట్టలేదు, ఏంటొదినా ఇది, పిల్ల ఇంత తేలిగ్గా ఉందేంటి, అంది. నాకు నవ్వొచ్చింది, ఆ తరవాత పౌరుషమూ వచ్చింది. నేనే మనిషిని పంపి బడి నుంచి కాటా తెప్పించి వసారా దూలానికి కట్టించాను. మా తోడికోడలు దిష్టి మాట ఎత్తలేదు, పిల్లను తనే సంచిలో కూర్చోబెట్టింది. కార్డులో నేను రాసింది పన్నెండున్నర. ముల్లు తొమ్మిదిన్నర దాకా కూడా పోలేదు.

కాటా తుప్పు పట్టిందన్నాను. వంటింట్లోంచి రెండు కిలోల పంచదార పొట్లం తెప్పించి తగిలిస్తే ముల్లు సరిగ్గా రెండు మీద ఆగింది. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. నెలకోసారి ఎత్తుకునే పిల్ల తగ్గితే చేతికి తెలుస్తుంది. రోజూ మోసే పిల్ల రోజుకింత చొప్పున తరిగిపోతుంటే చెయ్యి కూడా దానితోపాటే అలవాటు పడిపోతుంది, నిన్నటిలాగే ఉందనుకుంటుంది. వసారాలో అందరూ ముల్లును చూస్తుంటే మా తోడికోడలు ఒక్కతే నన్ను చూసింది.

తణుకులో చూపించి, అక్కణ్ణుంచి కాకినాడ తీసుకెళ్ళాం. ఊపిరితిత్తుల్లో మొదలైన క్షయ మెదడు పొరలకు పాకిందన్నారు. డాక్టరుగారు కార్డు ఉందా అని అడిగితే ఇచ్చాను. ఆయన నిటారుగా పైకి పోయిన ఆ గీతను అటూ ఇటూ తిప్పి చూసి, ఏ నెల నుంచి తగ్గుతోందమ్మా, అని అడిగారు. మా తోడికోడలు ఒళ్ళో పిల్లకు దుప్పటి సర్దింది. ఆయన ఇంకోసారి అడిగి, ఊరుకుని, కార్డు నాకు తిరిగిచ్చేశారు. నాలుగు నెలల ముందు తెచ్చి ఉంటే మందులతో నయమయ్యేది అని తరవాత నర్సమ్మ చెప్పింది.

పిల్ల బతికింది. వినికిడి మాత్రం పోయింది. ఆ మాట చెప్పినప్పుడు నేను ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఎదురు గోడ మీద ఊడిన సున్నం చూస్తున్నాను. ఏడుపు వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. ఇంటికెళ్ళాక వస్తుందనుకున్నాను, అప్పుడూ రాలేదు. ఎన్నేళ్ళు గడిచినా అంతే, తలచుకుంటే మిల్లు ఆగాక చెవుల్లో ఉండే ఆ నిశ్శబ్దం తప్ప ఏమీ అనిపించదు.

తిరిగి వచ్చాక అది మళ్ళీ నా బడికే వచ్చింది. ఈసారి ఎత్తుకోలేదు, చెయ్యి పట్టుకుని నడిపించాను. పాటలప్పుడు పక్కపిల్లల నోళ్ళు చూసి తనూ నోరు తెరిచేది, అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా. తవుట్లో అక్షరాలు మాత్రం మిగిలినవాళ్ళకన్నా ముందు పట్టేసింది. తూకం రోజున ప్రతి పిల్లనూ కాటాకెక్కించాను, ఏడ్చిన తల్లుల్ని ఏడవనిచ్చాను, పైనుంచి గట్టిగా చెప్పారని అబద్ధమాడాను. మా బడికి మంచి పేరే వచ్చింది. మా తోడికోడలు ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు నా పక్కనే మసలింది, ఒక్కనాడు నన్ను నిలదీయలేదు, ఇంకొకరికి చెప్పలేదు. తిట్టినా బాగుండేదని కొన్నాళ్ళు అనుకున్నాను, తరవాత అదీ అనుకోవడం మానేశాను.

కిందటేడు ఆమె పోయింది. దినకార్యాలయ్యాక, ఇప్పుడు భీమవరంలో బట్టలు కుట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్న ఆ అమ్మాయి నా దగ్గర కూర్చుని కాగితం మీద రాసింది. పెద్దమ్మా, నాకు పుట్టుకతోనే వినపడదా, మధ్యలో పోయిందా, అమ్మనెప్పుడడిగినా పెద్దమ్మనడుగు అనేది, అని. ఆ అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా, నేను దిద్దించినట్టే ఉన్నాయి. నేను పెన్ను తీసుకుని, జ్వరం వచ్చింది, అని రాశాను. ఇంకా రాయాలనే పెన్ను పట్టుకుని ఉన్నాను. అది చదివి, తల ఊపి, కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

ఇప్పటి టీచర్లు మిషను చూపించిందే రాస్తారు, తల్లులకు అనుమానమొస్తే మళ్ళీ తూయించుకుంటారు, ఎవరి చేతి మీదా ఎవరూ ఆధారపడక్కర్లేదు. పిల్లలకు అదే మంచిదని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను. మా రోజుల్లో టీచరు మాటంటే ఎంత నమ్మకం ఉండేదో అని నా ఈడువాళ్ళు కూర్చున్నప్పుడల్లా అనుకుంటారు. ఉండేది, కాదనను. ఇప్పుడు ఊళ్ళో అందరికీ ఆ నమ్మకం పోయింది గానీ, భీమవరంలో ఉన్న ఆ పిల్లకొక్కదానికి నా మాట మీద ఇంకా పోలేదు.