గుమ్మం దగ్గర లెక్క

మా మేనత్త మనిషి ముఖం కన్నా ముందు ప్యాంటు అంచు చూస్తుంది. ఒకసారి మా ఆఫీసులో పెద్దాయన ఇంటికి వచ్చి వెళ్ళాక ఎలాంటివాడు అని అడిగితే, మంచివాడే గానీ ఎడమ కాలు అర అంగుళం దిగిందని చెప్పింది. ఆవిడతో వేగడం కష్టం. ఆవిడ లేకపోతే మాత్రం నేను చదువుకునేదాన్నే కాదు.

ఊరి నడిబొడ్డున ఉన్న మాల్‌లో, రెండో అంతస్తులో, మెట్ల కింద ఆవిడ దుకాణం. దుకాణమంటే ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడకు దారపు ఉండలు. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే ఉండాలి. మామయ్య చనిపోయిన ఏడాది, మాల్ ఇంకా రంగు వాసన వదలని రోజుల్లో, నలుగురి కాళ్ళావేళ్ళా పడి ఆ చోటు సంపాదించుకుంది. అప్పుడు కింద నాలుగు రెడీమేడ్ షాపులుండేవి. ప్యాంటు కొన్నవాడల్లా పైకి వచ్చి, పొడుగు తగ్గించుకుని, అరగంటలో పట్టుకుపోయేవాడు. జిప్పులు మార్చడంలో అందె వేసిన చెయ్యి కాబట్టి అందరికీ జిప్పులత్త అయిపోయింది. ఇరవై రెండేళ్ళు అక్కడే కూర్చుంది.

తర్వాత ఊరి చివర పెద్ద పెద్ద మాల్స్ లేచాయి. రెడీమేడ్ షాపులు ఒకదాని వెనక ఒకటి షట్టర్లు దించేశాయి. ఎస్కలేటర్ ఆగిపోయింది, దాన్నే మెట్లలా ఎక్కి దిగేవాళ్ళం. ఏసీ నీళ్ళు కారేచోట బకెట్ పెట్టారు, అది నిండితే పారబోసే వంతు ఎవరిదని రోజూ పేచీ. చివరికి మిగిలినవి పదకొండు దుకాణాలు. అందరూ ఈగలు తోలుకుంటున్నారంటే అత్త ఒప్పుకునేది కాదు. ఈగలకు మాత్రం ఇక్కడేం పని అనేది.

అలాంటప్పుడు కొత్త మేనేజర్ వచ్చాడు. చిన్న వయసు, మర్యాదైన మాట. మాల్‌ను మళ్ళీ బతికిస్తామన్నాడు. ముందు గుమ్మానికి అగ్గిపెట్టెంత మిషనొకటి బిగించారు. లోపలికి వచ్చే ప్రతి మనిషినీ అది లెక్కపెడుతుందట. మూడు నెలల్లో రోజుకు సగటున వెయ్యిమంది తేలితే యజమాని ఎస్కలేటర్ నుంచి దీపాల దాకా అన్నీ బాగుచేయిస్తాడు. తేలకపోతే పడగొట్టేవాళ్ళకు అమ్మేస్తాడు. మొదటి వారం రోజుకు రెండు వందలు దాటలేదు. అందులో సగంమంది టాయిలెట్ కోసం వచ్చినవాళ్ళే.

వారం ముగిసిన మర్నాడు అత్త మిగతా పదిమంది దుకాణాలవాళ్ళనూ తన దుకాణం ముందు పోగేసింది. ఆ మిషనుకు తలలు తెలుసు గానీ మొహాలు తెలియవు కదా అంది. ముందు గుమ్మంలోంచి రావాలి, వెనక సామాను దింపే తలుపులోంచి పోవాలి, చుట్టూ తిరిగి మళ్ళీ రావాలి. గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒక్కడే, ఇది తప్పు కాదా చెల్లెమ్మా అని నసిగాడు. బిల్డింగు కూలితే తప్పొప్పులు ఎక్కడ కూర్చుని మాట్లాడుకుంటామని అత్త ఆయన నోరు మూయించింది.

అట్టముక్క మీద వంతులు రాసింది. ఎవరు ఏ గంటలో, ఎన్నిసార్లు అని. అందరి ఇళ్ళ నుంచీ మనుషులు దిగారు. కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగామంటే నమ్మండి. సెలవు రోజున నా వంతు అరవై సార్లు. మొదట్లో నవ్వొచ్చేది, పోను పోను సిగ్గేసేది. అత్త మోకాలు వాచింది, గుడ్డ చుట్టుకుని నడిచింది. ఒకరోజు నిజంగానే ఒకాయన జిప్పు మార్పించుకోవడానికి వచ్చాడు. దుకాణంలో ఎవరూ లేరని చూసి వెళ్ళిపోయాడు. అప్పుడు అత్త వెనక తలుపు దాటుతోంది.

మూడు నెలలు నిండాక మేనేజర్ అందరినీ కింద కుర్చీలు వేసి కూర్చోబెట్టాడు. రోజుకు పదకొండు వందల నలభై అని చదివాడు. చప్పట్లు కొట్టాం. నేనైతే అత్త భుజం పట్టుకుని ఊపేశాను. చప్పట్లు ఆగేదాకా ఆగి, అతను గొంతు తగ్గించాడు.

"ఇంతమంది వస్తున్నా మీ దగ్గర ఎవరూ కొనడం లేదు. అంటే లోపం బిల్డింగులో లేదండీ, షాపుల్లో ఉంది."

ఈ లెక్క చూసి ఒక పెద్ద కంపెనీ బిల్డింగంతా తనకే కావాలందట. నెలాఖరుకు అందరూ ఖాళీ చేయాలని చెప్పాడు. అది చెప్పేటప్పుడు కూడా అతని మర్యాద ఎక్కడా చెడలేదు. నాకు అతన్ని కొట్టాలనిపించింది.

అత్త లేచి నిలబడింది.

"బాబూ, ఆ వచ్చిందంతా మేమే."

అతను జాలిగా చూశాడు. మీ బాధ నాకు అర్థమవుతుందమ్మా, పదకొండుమంది వెయ్యిమంది ఎలా అవుతారు అన్నాడు. అత్త సంచిలోంచి అట్టముక్క తీయబోయింది. గడియారాల పెద్దాయన ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కూర్చో చెల్లెమ్మా. రుజువైతే ఆ కంపెనీ రాదు, పడగొట్టేస్తారు. మనం ఎలాగూ ఉండం, బిల్డింగన్నా ఉండనీ."

మింగలేక కక్కలేక అత్త కూర్చుంది. మిగతావాళ్ళు నేల చూశారు.

నెలాఖరున కుట్టుమిషనును నేనూ ఆవిడా ఆ ఆగిపోయిన ఎస్కలేటర్ మీదుగా కిందికి దించాం. పదిమందిలో ఒక్కరూ అత్తను పల్లెత్తు మాట అనలేదు. పెద్దాయనైతే మోకాలు జాగ్రత్త అని చెప్పి వెళ్ళాడు. తిట్టి ఉంటే తనూ నాలుగు తిట్టి ఊరుకునేది. ఇప్పుడు మిషను మా వరండాలో గుడ్డ కప్పుకుని ఉంది. ఆ గుడ్డ తీయమంటే వినదు. నువ్వు అందరినీ అలా తిప్పకపోయినా మాల్‌ను పడగొట్టేవాళ్ళు, ఎటూ పోయేదే కదా అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

మొన్న ఒక్కసారి జవాబు చెప్పింది.

"పోయేదేనే. కాదన్నానా? ఆ మూడు నెలలన్నా కూర్చుని కుట్టుకునేదాన్ని."