పాత కన్నాల్లోంచే కుట్టిన సీటు

కొన్నేళ్ల కిందట అక్కడ సెలవు రోజైన ఒక శుక్రవారం, గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లో చర్చికి వెళ్దామని నేనెక్కిన పాత వ్యాను ఎంతకీ కదల్లేదు. ముందు వరుసలో తోలు సీటు కుట్లు విడిపోయి స్పాంజి బయటికొచ్చింది. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన డ్రైవరు వంకర సూదితో దాన్ని కుడుతున్నాడు. ముదీర్, అంటే వాళ్ల మేనేజరు, వచ్చేలోగా సీటు బాగవకపోతే వ్యాను పక్కన పెట్టేస్తారట, అతని పనీ పోతుందట.

పక్క బండి డ్రైవరు, మా గోదావరి వైపు మనిషే, నవ్వాడు. “కొత్తది వేయించెయ్ భాయ్. ఇది ఖలాస్.”

“నువ్వంటే ఖలాస్ అయితదా? తోలు మంచిగనే ఉంది, దారమే పోయింది,” అన్నాడతను తలెత్తకుండా. కొత్త కన్నం ఒక్కటీ పొడవకుండా పాత కన్నాల్లోంచే సూది దూర్చాడు.

దారం పీచులేస్తోంది. మైనం పట్టిస్తే ఆగుతుందని, చర్చిలో వెలిగించడానికి తెచ్చుకున్న కొవ్వొత్తి ఇచ్చాను.

“దేవునిది గదా అక్కా?”

“ఆయనేం అనుకోరు, రుద్దు తమ్ముడూ.”

ముదీర్ వచ్చాడు. కుట్టు కింద వేలు పెట్టి గట్టిగా లాగాడు. దారం తెగలేదు. “యల్లా,” అని బండి తియ్యమన్నట్టు చెయ్యూపి వెళ్లిపోయాడు.

డ్రైవరు నాకు ఆ సీటే చూపించాడు. “గట్టిగ కూసో అక్కా.”

నా బరువంతా వేసి కూర్చున్నాను.

ఆ రోజు ఖాళీ చేతులతోనే ప్రార్థనలో నిలబడ్డాను. స్తోత్రం చెప్పడానికి ఏమీ తక్కువ కాలేదు.