రంగూన్ నుంచి నడిచొచ్చినామె

అరవైల మొదట్లో ఒక మధ్యాహ్నం బిట్రగుంట స్టేషన్లో మా ప్యాసింజరు చాలాసేపు ఆగింది. నా ఎదుట కూర్చున్న తల్లీకూతుళ్లలో కూతురు చెంబు తీసుకుని కొళాయి దగ్గరికి దిగింది. తల్లి నా చేతిలోని వారపత్రిక చూసి, ఏం చదువుతున్నావని అడిగింది. పరాయి దేశంలో బతికొచ్చిన ఒకాయన అక్కడి తన బతుకు గురించి రాసుకున్నాడని చెప్పాను.

"మేమూ రంగూన్‌లో ఉన్నోళ్లమే నాయనా. యుద్ధంలో బాంబులు పడతా ఉంటే అడవుల్లో పడి నడిచొచ్చినాం," అంది.

"అయితే అదంతా రాయాలమ్మా. మీరు చెప్పండి, నేను రాస్తాను."

ఆమె కిటికీలోంచి కూతుర్ని చూసి గొంతు తగ్గించింది.

"దాన్ని నేను కనలేదు నాయనా. దారిలో ఒకామె ఇంక నడవలేక కూలబడి, బిడ్డను నా చేతుల్లో పెట్టింది. పేరన్నా అడగలేదు నేను. బిడ్డనెత్తుకుని పోతా వెనక్కి తిరిగితే, ప్రాణంతోనే ఉన్నింది, మమ్మల్నే చూస్తా ఉన్నింది. రాస్తే అది చదవదా? ఆ చూపు నాకు చాలు, దానికెందుకు?"

కూతురు వచ్చి, "మళ్లీ రంగూన్ సంగతులేనా?" అని నవ్వింది. నా చేతిలోని పత్రిక చూసి, "మీరన్నా ఇట్లాంటి దాంట్లో రాయండన్నా. నన్ను చంకనేసుకుని కొండలన్నీ దాటినాదంట మా అమ్మ."

అలాగేనన్నట్టు తలూపాను. తల్లి చెంబు అందుకుంది గానీ తాగలేదు. రెండు చేతులా పట్టుకుని నెల్లూరు దాకా అట్లాగే కూర్చుంది.

ఇన్నేళ్లూ రాయలేదు. కానీ ఎవరి విదేశీ జ్ఞాపకాలు చదువుతున్నా, ఏదో ఒక పేజీలో దారి పక్కన కూలబడిన ఆ పేరు తెలియని ఆమె నన్ను చూస్తుంది.