జీను కింద దూలగొండి

ఇన్నేళ్లూ ఇది రాయకపోవడానికి కారణం ఒక్కటే. నాకు అక్షరాలు వచ్చేవి కావు. ఇంకొకరి చేత రాయిద్దామంటే ముందు వాళ్లకి నోటితో చెప్పాలి. అది నావల్ల అయ్యేది కాదు. అరవై దాటాక మా వీధి ఆడవాళ్లతో కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా అమ్మాయి కూతురు చిట్టికి మాట రాలేదు. ఆటిజం అన్నారు. శృంగవరపుకోట దగ్గర గుర్రాలు పెంచే ఒకాయన, గుర్రమెక్కిస్తే మాట వస్తుందన్నాడు. ఎవరికి వచ్చిందని మేమెవరమూ అడగలేదు. ఫీజుకి బదులు నేను అక్కడ కొట్టం శుభ్రం చేసేదాన్ని.

గుర్రం పేరు గౌరి. జీను లేనప్పుడు చిట్టి దాని పొట్టకి నుదురు ఆనించి సన్నగా కూనిరాగం తీసేది. గౌరి కాలు కూడా కదిపేది కాదు. ఆయన మాత్రం పిల్ల చేతులు జీనుకి కట్టి తిప్పేవాడు. చిట్టి గొంతు చించుకునేది.

"బాబూ, పిల్ల బెదిరిపోతన్నాది. గుర్రమూ ఒణుకుతన్నాది. దింపీయండి."

"ఏడుపు ముదిరితేనే మాటొస్తాది. నీకేటి తెలుసే ముసలీ? లద్దెత్తు, ఫో!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది.

ఆయన తనే స్వారీ చేసి వీడియో తీయించుకునే రోజు కోసం కాచుకున్నాను. కొండవార దూలగొండి కాయలు కోసి, చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, వాటి నూగు జీను కింద గుడ్డకి పట్టించాను. ఒంటికి తగిలితే మంటెత్తే దురద అది. వేరెవరు గుడ్డ వేసినా గౌరి పక్కకి జరిగేది. నేను వేస్తుంటే నా భుజం మీద గడ్డం ఆనించింది. అప్పుడైనా నా చెయ్యి ఆగిందా? ఆగలేదు.

ఆయన ఎక్కాడు. గౌరి ఎగిరిపడింది. ఆయన కాలు విరిగిన చప్పుడు విన్నాను. ఎంత హాయిగా ఉందో! దానికి ఈనాటికీ బాధపడను. కానీ ఆ దురద పడిందెవరు? నా పగకి నేను వాడుకున్నది ఎవరి నమ్మకాన్ని? గౌరి గోడకి ఒళ్లు రాసుకుని రాసుకుని నెత్తురు తెచ్చుకుంది. సాయంత్రానికి దాన్ని లారీ ఎక్కించేశారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. చిట్టి మళ్లీ ఆ రాగం తీయలేదు.

క్షమించమని అడగడం లేదు. రాశాను, అంతే. ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఇంకొక్కటి మిగిలింది. ఆయన కాలు విరిగిన మర్నాడు పొద్దున్నే మూలుగు వినాలని ఆసుపత్రికి వెళ్లాను. కొబ్బరిబోండం పట్టుకెళ్లాను.

"గుర్రానికి పిచ్చెక్కిందే," అన్నాడు.

"అవును బాబూ, పిచ్చిదే," అన్నాను. బోండం చేతికిచ్చి, తాగేదాకా నిలబడ్డాను.