పాప మొక్కు

బస్సులో పక్కన గుండుతో ఎవరైనా కూర్చుంటే, మొక్కు తీరిందా అని అడగడం మానేశాను. ఒకసారి తిరుపతి నుంచి చిత్తూరు వస్తుండగా ఒకావిడను అలాగే అడిగాను. ఆవిడ గుండు మీద పూసిన చందనం చెవుల దాకా ఎండిపోయి ఉంది.

“మొక్కు నాది కాదుమ్మా, పాపది,” అంది.

పాపంటే కన్నబిడ్డ కాదట. ప్రభుత్వం తరఫున ఒక సంస్థ వాళ్లు తెచ్చి, కొన్నాళ్లు పెంచమని అప్పగించిన పిల్ల. జ్వరం ముదిరి ఆ పిల్ల ఆసుపత్రిలో పడితే, బతికి బయటపడితే చాలు, దాని తలనీలాలు ఇప్పిస్తానని ఈవిడ కొండవైపు తిరిగి మొక్కుకుంది.

“నీ బిడ్డ కాదు గదా, గుండు కొట్టించేదానికి పర్మిషన్ కావాలనిరి. సంస్థోళ్లను అడిగితే గవర్నమెంటు ఆఫీసుకు పొమ్మనిరి. ఆఫీసులో సంస్థోళ్లనే అడగమనిరి. నేను తిరగతా ఉండంగానే పాపను ఇంకో ఇంటికి మార్చేసినారు. దానికి మాత్రం ఒక్క పూట సాలింది.”

“ఇప్పుడు యాడుండాది?”

“సెప్పరు. సెప్పకూడదంట.”

చంద్రగిరి దాటాక ఎండ లోపలికి వచ్చింది. ముందు సీట్లో తల్లి భుజం మీద ఒక పసిగుండు నిద్రపోతోంది. నా పక్కనున్న ఆవిడ ముందుకు వంగి, ఆ గుండుకు ఎండ తగలకుండా తన కొంగు అడ్డం పట్టుకుంది. అలా పట్టుకునే అంది:

“పాప తల మీద నాకు హక్కు లేదనిరి. నా తలకైతే ఎవుర్నీ అడగాల్సిన పన్లేదు గదా.”