అడగకుండా తెచ్చుకున్న పుదీనా

పొద్దున డ్యూటీకి బయలుదేరే ముందు ఇంటి వెనుక మొక్కలకు నీళ్లు పట్టడం, ఎండిన కొసలు గిల్లి పారేయడం నాకు అలవాటు. అందుకని శంషాబాద్ విమానాశ్రయం సరుకుల గోదాములో కంప్యూటర్ ముందు కూర్చున్నంతసేపూ నా వేళ్లు వామాకు వాసన వేస్తుంటాయి. సబ్బుతో రుద్దినా పోదు. ఏసీ గదిలో అయితే ఇంకా ఘాటుగా తెలుస్తుంది. పక్క కుర్చీలో కూర్చునే విజయవాడ అమ్మాయి, "ఏంటక్కా, రోజూ బజ్జీలు వేసి వస్తారా?" అని ఆటపట్టిస్తుంది. నేను సిగ్గుపడే మనిషిని కాను. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చి మరీ పని మొదలుపెడతాను. అలా పీల్చినప్పుడల్లా మా నాయనమ్మ గుర్తుకొస్తుంది. ఆకులు గిల్లీ గిల్లీ ఆమె బొటనవేలి గోరు ఏడాది పొడవునా పచ్చగానే ఉండేది. గోరింటాకు పెట్టుకోవా అని మేము నవ్వితే, "గిదే నా మైదాకు" అనేది.

ఇప్పుడు విమానాలు దిగే మేరలో ఒకప్పుడు మా పాత ఊరు ఉండేది. మా పెరడు రన్‌వే కింద పోయిందో, రోడ్డు పక్క పూలమొక్కల కింద పోయిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా నాన్నను మేము బాపు అంటాం. బాపుకు ఒక అంచనా, చిన్నాన్నకు ఇంకో అంచనా. పండుగకు కలిసినప్పుడల్లా ఇద్దరూ గాలిలో చేతులతో గీతలు గీసి వాదించుకుంటారు. నేను మాత్రం కళ్లు మూసుకుంటే చాలు, ఆ పెరట్లో ఎక్కడ ఏముందో చూపించగలను. వంటింటి వెనుక బోళ్లు తోమే నల్ల బండ, దాని కింద నుంచి నీళ్లు పారే చిన్న కాలువ, ఆ కాలువ ఒడ్డు పొడవునా పుదీనా, అది దాటగానే తెల్లని నూగుతో దళసరి ఆకుల వామాకు, మూలన నిమ్మగడ్డి దుబ్బు, బోనాలప్పుడు ఆడపిల్లల జడల్లోకి కావాలని నాయనమ్మ కాపాడుకునే మరువం, మట్టిగోడ మీద ఎవరూ నాటకుండానే పాకిన నల్లేరు. ఏడాదికోసారి విత్తనం అడిగే రకాలు కావు ఇవి. ఒకసారి వేరు పట్టాయంటే మనిషిని లెక్కచేయవు. ఎండాకాలంలో పుదీనా ఎండి పుల్లలై, మేకలు కూడా మూతి తిప్పుకునేంత దీనంగా కనిపించేది. పీకేద్దామని అమ్మ అంటే నాయనమ్మ ఒప్పుకునేది కాదు. మృగశిర జల్లు పడగానే ఆ పుల్లల మొదట్లోంచి ఎర్రటి కాడలతో చీమ తలకాయంత చిగుళ్లు బయటికొచ్చేవి, ముసురు పట్టేసరికి కాలువ కనిపించకుండా కమ్ముకునేవి.

ఆ ముసురు రోజుల్లోనే మా ఇంట్లో మక్క గారెలు చేసేవారు. లేత కంకులు ఒలిచి, పచ్చిమిరపకాయలు, జీలకర్ర వేసి రోట్లో కచ్చాపచ్చాగా రుబ్బి, అమ్మ కాగే నూనెలోకి ఒక్కొక్కటే జారవిడుస్తుంటే, తడి కట్టెల పొగకు కళ్లు మండుతున్నా లేవకుండా పీటల మీద కూర్చుని ఎదురుచూసేవాళ్లం. పక్కనే పుదీనా, నువ్వులు, చింతపండు కలిపి నూరిన తొక్కు. జలుబు చేస్తే వామాకును నిప్పుల మీద వెచ్చజేసి రసం పిండి, తేనె చుక్క కలిపి, మా ముక్కులు మూసి మింగించేది నాయనమ్మ. బాపు చాయ్‌లోకి నిమ్మగడ్డి పోచ పడాల్సిందే. వాన పడి బయటికి పోలేని సాయంత్రాలు మేము గచ్చకాయలు ఆడేవాళ్లం. ఓడినవాళ్లు కళ్లు మూసుకుంటే నాయనమ్మ ఏదో ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టేది, అదేంటో చెప్పాలి. ఈ పరీక్ష మీది ఇష్టంతో నేను కావాలనే కాయలు జారవిడిచి ఓడిపోయేదాన్ని. బడిలో ఏ పరీక్షలోనూ నాకు అంత మంచి మార్కులు రాలేదు.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. ఇలా వేరుతో బతికే మొక్కను ఎవరినీ అడిగి తీసుకోకూడదు. అడిగి తెచ్చినది పట్టదని, దొంగతనంగా తెచ్చినదే నాలుగు కాలాలు బతుకుతుందని అందరి నమ్మకం. ఆ దొంగతనానికీ ఒక మర్యాద ఉంది. మట్టమధ్యాహ్నం, ఇంటివాళ్లు కునుకు తీసే వేళ, వెనుక దర్వాజ నుంచి రావాలి. ఒక్క పిలక మాత్రమే తీసుకోవాలి. తవ్విన గుంత పూడ్చి పోవాలి. ఇంటావిడ చూసినా చూడనట్టు గోడవైపు తిరిగి పడుకోవాలి. నాయనమ్మ ఎన్నిసార్లు అలా గోడవైపు తిరిగి పడుకుందో లెక్కలేదు. ఒకసారి వచ్చినామె గాజుల చప్పుడుకు మా కుక్క మొరిగితే, నాయనమ్మ కళ్లు తెరవకుండానే కుక్కను కసిరింది.

అలా మా పెరట్లోంచి పుదీనా తీసుకుపోయినవాళ్లలో నాయనమ్మ తోడికోడలు బాలమణి కూడా ఉంది. మేము బాలవ్వ అనేవాళ్లం. అన్నదమ్ములు వేరుపడిన రోజు ఇసుర్రాయి ఎవరికి రావాలనే దగ్గర మాట పెరిగి, నేను పుట్టకముందే వాళ్లిద్దరికీ మాటలు ఆగిపోయాయి. ఎదురుపడితే ఒకరు ఆకాశం చూసేవారు, ఇంకొకరు చెప్పులు చూసుకునేవారు. అయినా బాలవ్వ వచ్చి పిలక తీసుకుపోయిన మధ్యాహ్నం కూడా నాయనమ్మ గోడవైపు తిరిగే పడుకుంది. కొట్లాట మనుషుల మధ్యదని, మొక్కకు దాంతో పని లేదని ఆమె లెక్క.

నేను నాలుగో తరగతిలో ఉండగా విమానాశ్రయం కోసం ఊరు ఖాళీ చేశాం. అందరూ దర్వాజలు, దూలాలు, బండలు ట్రాక్టర్లలో ఎక్కించుకుని కొత్త కాలనీకి కదిలారు. నాయనమ్మ మాత్రం ఒళ్లో తడి గోనెసంచి పెట్టుకుని కూర్చుంది. అందులో ఆమె మొక్కల వేర్లు ఉన్నాయి. కొత్త ఇంటి వెనుక అంతా ఎర్రటి మొరం, పార వేస్తే ఖంగుమనేది. బాపు హిమాయత్ సాగర్ వైపు నుంచి ఒండ్రు మట్టి తెప్పించి పోశాడు. ఆ ఇంటికి పోయాక మాకు గ్యాస్ పొయ్యి వచ్చింది, నల్లా వచ్చింది, సిమెంటు గచ్చు వచ్చింది, బోళ్లు తోమడానికి డబ్బాలో సబ్బు పొడి వచ్చింది. గిన్నెలు అద్దాల్లా మెరుస్తుంటే అమ్మ ముఖం కూడా మెరిసేది. నాయనమ్మ వామాకును, నిమ్మగడ్డిని గోడ మూలన నాటింది. పుదీనాను మాత్రం పాత ఇంట్లో లాగే గచ్చు పక్కన నాటి, బోళ్లు తోమిన నీళ్లు అటు మళ్లించింది.

వామాకు పట్టింది. నిమ్మగడ్డి పట్టింది. పుదీనా ఎండింది. ఎండాకాలం కదా అని నాయనమ్మ ఓపిక పట్టింది. మృగశిర వచ్చి జల్లులు పడ్డాక రోజూ పొద్దున్నే గొంతుక్కూర్చుని పుల్లల మొదళ్లు తడిమేది. ఒక్క చిగురూ రాలేదు. తవ్వి చూస్తే వేర్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. బాపు శంషాబాద్ అంగడి నుంచి వేర్లున్న కట్టలు తెచ్చాడు. అవీ నల్లబడ్డాయి. కాలనీలో ఇంకొందరి ఇళ్లలోనూ ఇదే కథ. ఇక ఆషాఢంలో ఒక సాయంత్రం నాయనమ్మ అన్నం ముందు కూర్చుని మాట తేల్చేసింది.

"బోనాలెల్లంగనే షాద్‌నగర్ పోత. బిడ్డింట్లనే ఉంట."

"గదేందమ్మ, పుదీన కోసం ఇల్లిడిసి పోతవా?" అన్నాడు బాపు.

"పుదీన కోసం గాదు బిడ్డ. అది పట్టని జాగల నేనెట్ల పడ్త?"

బాపు నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె అప్పటికే ట్రంకు పెట్టెలో చీరలు సర్దుకుంది. నేను ఏడుపు అందుకున్నాను. పుట్టినప్పటి నుంచి నాయనమ్మ పక్కలోనే పడుకున్నదాన్ని, ఆమె కొంగు వాసన లేకుండా నిద్రపోవడం నాకు చేతకాదు. షాద్‌నగర్ మేనత్త ఇల్లు బస్సులో పోయి వచ్చేంత దూరమేనని అమ్మ ఓదార్చింది, కానీ నేను దూరానికి ఏడవడం లేదు. ఏడుపుతో పని కాదని కూడా నాకు తెలుసు. మరునాటి నుంచి బడి వదలగానే కాలనీ అంతా తిరిగి, ప్రతి ఇంటి వెనక్కీ తొంగిచూడటం మొదలుపెట్టాను. ఎక్కడో ఒకచోట మన పుదీనా బతికి ఉండకపోతుందా అని నా ధీమా. బాలవ్వ ఇంటి వెనుక కనిపించింది. చిన్న మడి కాదు, గచ్చు చుట్టూ మోకాలెత్తున పొంగి ఉంది.

బడి లేని ఆదివారం మట్టమధ్యాహ్నం నాయనమ్మకు చెబితే ఆమె ముఖం గంటుపెట్టుకుంది. "నేనా? దానింటికా?"

"అది మన పుదీననే గద నాయనమ్మ."

"ఒకసారి పొయ్యినంక మనదెట్లయితది?" అని, అంతలోనే "ఆమె చూస్తె?" అంది.

"చూస్తె చూడనట్టు పండుకుంటది గద," అన్నాను.

నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తరువాత గాజులు మోచేతి దాకా పైకి నెట్టుకుని, మొక్కలు తవ్వే కుర్పీ కొంగులో దాచుకుని లేచింది. ఊళ్లో అందరికీ వేర్లు పోనిచ్చిన మనిషి, తాను మాత్రం అంతవరకు ఎవరింట్లోనూ దొంగతనం చేసి ఎరగదు. ఆ పని ఎంత మోటుగా చేసిందో చెబితే నమ్మరు. దారిలో ఎదురైనవాళ్లతో అడగకుండానే "ఊకెనే పోతున్నం" అని చెప్పింది. బాలవ్వ వెనుక వరండాలో మంచం మీద పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, నేను చూశాను. మమ్మల్ని చూసిన ఆ కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి. మరుక్షణం మంచం కిర్రుమంది, బాలవ్వ గోడవైపు తిరిగింది. నాయనమ్మ ఒక్క పిలక తీసి, గుంత పూడ్చి, మట్టిని అరచేత్తో రెండుసార్లు తట్టింది.

ఆ పిలకను కూడా గచ్చు పక్కనే నాటింది. అమ్మ కూడా ఎప్పటిలాగే గిన్నెలు కడిగిన తొట్టి అటే వంచింది. సరిగ్గా అప్పుడు మా వెనుక సందులోంచి బాలవ్వ పోతోంది. తన ఇంటి వేరు ఎలా ఉందో చూసిపోదామని వచ్చిందని నా అనుమానం, ఎందుకంటే ఆ సందు ఆమెకు ఏ దారీ కాదు. నురగ చూసి నిలబడిపోయింది. చెప్పులు చూసుకుంది, ఆకాశం చూసింది, ఉండబట్టలేక నోరు విప్పింది.

"అక్కా, గా సబ్బు నీళ్లు వోస్తె అదెట్ల బతుకుతది? పాతింట్ల బూడిదతోని తోముతుంటిమి గద."

అమ్మ చేతిలో తొట్టి అలాగే ఉండిపోయింది. నాయనమ్మ వంగి ఆ నురగను చూసింది. ఏళ్ల తరబడి పుదీనా తాగి పెరిగినది బూడిద నీళ్లేనని, కొత్త ఇంటి గొప్పతో రోజూ దాని మొదట్లో సబ్బు పోస్తున్నామని ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. మట్టి ఆమెను వద్దనలేదు, ఎవరూ వద్దనలేదు.

"గ్యాసొచ్చినంక మా ఇంట్ల బూడిదేడిది బాలమణీ," అంది మెల్లగా.

"నా కాడున్నది. నీళ్ల పొయ్యి నేనింక కట్టెలతోనే ముట్టిస్త."

మరునాడు బాలవ్వ తట్టెడు బూడిద నెత్తిన పెట్టుకుని ముందు దర్వాజ నుంచే వచ్చింది. ఇద్దరూ కలిసి మడి మార్చారు, పాత మట్టి ఎత్తిపోశారు, ఒకరి నాటును ఒకరు తప్పుపట్టారు. ఇసుర్రాయి మాట ఎవరూ ఎత్తలేదు. బోనాలు అయ్యేసరికి పిలక పాకింది. నాయనమ్మ ట్రంకు పెట్టెలోని చీరలు తీసి, ముక్కిన వాసన పట్టాయని గొణుగుతూ దండెం మీద ఆరేసింది. ఆ చీరల కింద అటూ ఇటూ పరుగెత్తినప్పుడు నాకు కలిగిన సంతోషం, ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు. ఆ తరువాత మేనత్త ఇంటికి ఎప్పుడు పోయినా నాయనమ్మ రాత్రికి ఉండేది కాదు, చివరిదాకా మా ఇంట్లోనే బతికింది.

ఇప్పుడు మా కాలనీ బాగుపడింది, ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఇళ్ల మీద అంతస్తులు లేచాయి, పైగదుల్లో విమానాశ్రయం ఉద్యోగులు కిరాయికి ఉంటున్నారు. అయితే పెరళ్లకు టైల్స్ పరిచారు, వెనుక దర్వాజలకు తాళాలు పడ్డాయి, గేట్ల మీద కెమెరాలు వచ్చాయి. కెమెరాకు గోడవైపు తిరిగి పడుకోవడం రాదు. మట్టమధ్యాహ్నం కునుకు తీసే తీరిక ఎవరికీ లేదు. దొంగతనంగా వేరు తీసుకుపోయేవాళ్లు కరువై, నా పుదీనా నా ఇంటి వెనుకే గుబురై ఊరుకుంటోంది.

మొన్నటి వానల్లో బాలవ్వ వచ్చింది. మనవడు ఇల్లు అమ్మి గగన్‌పహాడ్ దగ్గర అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొన్నాడు, ఆమె అక్కడికి పోయి కొన్నాళ్లయింది. చాయ్ తాగి, పెరటి వైపు చూస్తూ, "బిడ్డ, జర పుదీన ఏర్లియ్యి" అంది.

"అడుగుతున్నవేంది బాలవ్వ? అడిగితె పట్టదు గద."

"మోకాళ్లు వంగుతలేవు. పొద్దంత ఆ ఇంట్ల పాణం నిలుస్తలేదు. నేను గుడ మా బిడ్డ కాడికి పోదామనుకుంటున్న."

నేనే తవ్వి, తడి గుడ్డలో చుట్టి చేతికిచ్చాను. ఇచ్చానే గాని, ఆమె ఆటో ఎక్కినప్పటి నుంచి నాకు నెమ్మది లేదు. నేను నమ్మకాల మనిషిని కాను, అయినా ఆ వేరు చస్తుందేమో, ఆమె కూడా ఆ ఇంట్లో ఉండదేమో అని రోజూ పొద్దున్నే దిగులుగా లేచేదాన్ని. నిన్న మధ్యాహ్నం గోదాములో ఉండగా ఫోన్ మోగింది. బాలవ్వ గొంతు, వెనుక ఎక్కడో లారీ హారన్లు.

"బకిట్ల వెట్టిన. బియ్యం కడిగిన నీళ్లు వోస్తున్న. పట్టింది బిడ్డ," అంది. "ఇగ ఈడనే ఉంట."